అడుగున పెట్టిన వాన

ఆఫీసరు కావలసిన పిల్ల తలరాతను తలకిందులు చేయడానికి శత్రుదేశం అక్కర్లేదు. మూడు నెలల చదువూ మూరెడు గర్వమూ ఉన్న తల్లి ఒకతి చాలు. ఆ తల్లిని నేనే. చదివి కడుపారా నవ్వుకోండి, మా పాప ముందు మాత్రం ఈ ఊసెత్తకండి.

ఆరేళ్ల కిందటి మాట. నాకప్పుడు యాభై రెండేళ్లు. ధర్మవరంలో మేం నేసిన పట్టుచీరలు మూటగట్టుకొని ఊళ్లు తిరిగి అమ్మేదాన్ని. ఆ మధ్యనే వయోజన తరగతిలో చేరి అక్షరాలు నేర్చుకున్నాను. కొత్త పెళ్లికూతురికి మెట్టెల చప్పుడు ఎంత ముద్దో నాకు అక్షరాలు అంత ముద్దు. బస్సు బోర్డులు, సబ్బు పెట్టెలు, పక్కింటి శుభలేఖలు, అన్నీ గట్టిగా చదివేదాన్ని. వినేవాళ్ల ఖర్మ!

మా కూతురు సుజాత ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పెనుకొండలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పేది. వైమానిక దళంలో ఆఫీసరు కావాలని దాని పట్టుదల. అందులోనూ వాతావరణ శాఖే కావాలి. మబ్బు వచ్చి మొహం చాటేసే సీమలో పుట్టిన పిల్ల మరి! దరఖాస్తు చివరిరోజున దానికి ప్రాక్టికల్స్ పడ్డాయి. నేను హిందూపురం పోతున్నానని, శాఖల వరస తెలుగులో రాసి నా చేతికిచ్చింది.

"అమ్మా, ఇది నాగభూషణం మామ ఇంటర్నెట్ అంగట్లో ఇయ్యి. మిగతా ఫారమంతా నింపినాను. ఈ వరస ఎక్కించి పంపితే చాలు."

"ఇయ్యడమేంది? నేనే చదివి చెప్తా!"

రైల్లో కాగితం విప్పి గట్టిగా చదివాను. ఒకటి, వాతావరణం. రెండు, చదువు. మూడు, పరిపాలన. నాలుగు, సరుకుల గిడ్డంగి. ఇదేం బేరం? ముప్పై ఏళ్లు చీరలమ్మినదాన్ని నేను. మూట విప్పగానే మంచి చీర చూపిస్తే కొనే ఆమె దానికీ వంక పెడుతుంది. మామూలువి ముందు పరచి, ఆమె లేవబోయేటప్పుడు అడుగునుంచి అసలు చీర లాగాలి. అప్పుడు చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. సర్కారైతే మాత్రం కొనేవాడు కాదా? హిందూపురంలో దిగి నేరుగా నాగభూషణం అంగడికి పోయి కూర్చున్నాను.

"కొట్టు అబ్బా. ఒకటి, సరుకుల గిడ్డంగి."

నాగభూషణం కాగితంలోకి తొంగి చూశాడు. "అక్కా, పాప వాతావరణం ముందు రాసిందే?"

"దానికి లోకం తెలీదు. అది అడుగున పెట్టు."

"ఒకసారి పంపితే మార్చేదానికి రాదక్కా. పాపకు ఫోన్ చేసి అడుగుదామా?"

"నువ్వు ఎప్పుడన్నా చీర అమ్మినావా?"

"ల్యాదక్కా."

"మరి నోరు మూసుకొని కొట్టు."

పాపం, కొట్టాడు.

తిరుగు బండిలో పెనుకొండలో దిగి, కాలేజీ గేటు దగ్గర బిడ్డకు శుభవార్త చెప్పాను. "నీ వాతావరణాన్ని అడుగున దాచిపెట్టినా పాపా. వాళ్లే ఎగబడి ఇస్తారు చూడు!"

దాని మొహం పోగు తెగిన మగ్గంలా ఆగిపోయింది.

"అమ్మా! ముందు రాసిందే నాకు ముందు కావాలని అర్థం. నాకు గిడ్డంగంటే ప్రాణమని చెప్పి వచ్చినావు!"

"అట్లయితే పోయి మళ్లా సర్దుదాం పద."

"సర్దేదానికి అవేమన్నా చీరలా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే కూతురి మబ్బు పోయింది.

పిల్ల పరీక్ష గెలిచింది, ఇంటర్వ్యూ గెలిచింది. సర్కారు మాత్రం వంక పెట్టలేదు, అడుగున ఏముందని అడగలేదు. మూట మీదున్న మొదటి చీరనే తీసుకొని పోయింది! సుజాత గిడ్డంగుల ఆఫీసరయింది. మొదటి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు భయంభయంగా అడిగాను.

"ఎట్లుండాది పాపా?"

"బాగానే ఉండాదిలే. ఏ సామాను యాడుండాదో కండ్లు మూసుకొని చెప్తా. చిన్నప్పటినుంచి నీ చీరల బీరువా సర్దినదాన్ని గదా!"

నా ప్రాణం కుదుటపడింది. కానీ రంగేసిన పట్టు ఆరేసిన రోజు మబ్బు కమ్మితే చెయ్యి ఊరుకోదు, ఫోన్ చేస్తాను.

"పాపా, వాన వస్తుందా?"

"నన్నెందుకు అడుగుతాండావు? ఆ శాఖను నువ్వు అడుగున పెట్టినావు గదా!"

అందుకని మా మగ్గం సాక్షిగా, నేర్చిన యాభై ఆరు అక్షరాల సాక్షిగా ఒట్టేస్తున్నాను: మంచిదాన్ని ఇంకెప్పుడూ అడుగున పెట్టను. ఇంత మంచి ఒట్టు మొదటి వరసలోనే రాయొచ్చు గదా అంటారా?

ఏం చేసేది, చెయ్యి అలవాటు పడిపోయింది.