వాగవతలి బ్యాండు

మా నాయనమ్మకు ఒక బ్యాండు మేళమంటే ప్రాణం. ముప్పై ఏళ్లు దాని పాటలు విన్నది. ఆ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మేళాన్ని కంటితో చూడలేదు.

మా ఊరు పిడుగురాళ్లకూ గురజాలకూ నడుమ, వాగుకు ఇవతల ఉంటుంది. అవతల మైలు దూరంలో ఇంకో ఊరు. మాది మిరపా పత్తీ వేసుకుని బతికే ఊరు, వాళ్లది షావుకార్ల ఊరు. మా దగ్గర పెళ్లంటే డప్పులు, సన్నాయి, అంతటితో సరి. వాళ్లకు మాత్రం ప్రతి ఎండాకాలం నరసరావుపేట నుంచి ఎర్రకోట్ల బ్యాండు దిగాల్సిందే.

నాయనమ్మకు పాతికేళ్లు నిండకముందే తాతయ్య పోయాడు. పెళ్లిళ్లలో ముందుకు రాకూడదన్నారు, ఆమె రాలేదు. ఎవరింట్లో శుభకార్యమైనా వంటింట్లో చాకిరీ చేసి, ఊరేగింపు కదిలే వేళకు వెనక గదిలోకి వెళ్లిపోయేది. అవతలి ఊళ్లో బ్యాండు మొదలైతే మాత్రం చేతిలో పని అక్కడే వదిలేసి మిద్దె ఎక్కేది. మాది నాపరాళ్లు పరిచిన మిద్దె. పొద్దంతా కాగిన రాళ్ల మీద బిందెడు నీళ్లు చల్లి, గోనెపట్టా పరిచి, వాగు వైపు తిరిగి కూర్చునేది. పక్కన నేను.

పాటంతా మాకు వినపడేది కాదు. గాలి మా వైపు తిరిగితే వచ్చేది, అటు తిరిగితే ఆగిపోయేది. పాట ఆగినా నాయనమ్మ ఆగేది కాదు. ఊఁ ఊఁ అంటూ తనే సాగదీసి, గాలి మళ్లీ మా వైపు వచ్చేసరికి సరిగ్గా అందుకునేది. పాటలకు పేర్లు కూడా తనే పెట్టుకుంది. ఒకటి బండెద్దుల పాట, ఒకటి వాన పాట. అన్నిటికన్నా ఇష్టమైంది అలిగిన పెళ్లికూతురి పాట. అందులో క్లారినెట్టు బతిమాలుతున్నట్టు మొదలై, పైపైకి పోయి, ఒకచోట మెల్లగా మెట్లు దిగినట్టు దిగుతుంది.

"అదుగో, ఇప్పుడు దిగుద్ది చూడు. పిల్లకి అలక తీరింది," అనేది నాయనమ్మ.

ఆ దిగడం నాకు చిన్నప్పుడే నోటికి వచ్చేసింది. బొప్పాయి కాడతో బూర చేసుకుని అదే ఊదబోయేదాన్ని. బూర మాత్రం దూడ అరిచినట్టు ఒకే అరుపు అరిచేది.

ఎనభైల నడుమ నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతుండగా మా అన్నయ్యకు పెళ్లి కుదిరింది. పెళ్లి అమ్మాయి వాళ్ల ఊళ్లో. మర్నాడు కోడల్ని తీసుకొచ్చాక మా ఊళ్లో ఊరేగింపు. పిడుగురాళ్లలో కొత్త బ్యాండు ఒకటి పెట్టారనీ, రిక్షా మీద మైకు కట్టి కీబోర్డు వాయిస్తారనీ నాన్న సంబరపడుతున్నాడు. నేను అడ్డం తిరిగాను.

"ఎర్రకోట్ల బ్యాండే రావాలి నాన్నా. నాయనమ్మ అరుగు మీద కుర్చీ వేసుకుని, అందరికన్నా ముందు కూర్చుని వినాలి."

"ముందు కూర్చోటమేందే? మీ మేనత్తలు ఊరుకుంటారా?"

"ఊరుకోకపోతే వాళ్లనే వెనక గదిలో కూర్చోమను."

అప్పట్లో నాకు నోరెక్కువ. ఇప్పుడు తగ్గిందని నేనంటాను, మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. రెండు రోజులు అన్నం మానేసేసరికి నాన్న దిగొచ్చాడు. రెండు రోజులూ వంటింట్లో నాయనమ్మే నాకు దొంగచాటుగా ముద్దలు పెట్టిందని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నాన్నా నేనూ నరసరావుపేటలో ఆ బ్యాండు గది వెతుక్కుంటూ వెళ్లాం. చిన్న గది. గోడకు డ్రమ్ములు, మేకులకు ఎర్రకోట్లు. అరవై దాటిన ఒక సాయిబు చాప మీద కూర్చుని క్లారినెట్టు తుడుచుకుంటున్నాడు. ఆయనే మాస్టారు. ఊపిరి సరిగ్గా అందక పెళ్లిళ్లకు పోవడం మానేశాననీ, మేళాన్ని తమ్ముడి కొడుకు నడుపుతున్నాడనీ చెప్పాడు. నేను నాయనమ్మ సంగతి మొదలుపెట్టాను. మిద్దె, గాలి, పాటలకు పెట్టిన పేర్లు అన్నీ చెప్పేశాను. ఆయన తుడవడం ఆపేశాడు.

"ముప్పై ఏళ్లా? మమ్మల్నా?" అని నవ్వాడు. "మా వాయిద్యం కోసం మిద్దెలెక్కినోళ్లు కూడా ఉన్నారన్నమాట. వస్తా పాపా. ఆ అమ్మ కోసం నేనే వచ్చి వాయిస్తా."

ఊరేగింపు రోజు సాయంత్రం, ఎండ ఇంకా చల్లారకముందే, నాయనమ్మకు ఇస్త్రీ చీర కట్టించి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టాను. మేనత్తలిద్దరూ గుమ్మంలో నిలబడి గుసగుసలాడుతున్నారు. నేను కుర్చీ పక్కన కాపలా నిలబడ్డాను. నాయనమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మొదటిరోజు బడికొచ్చిన పిల్లలా కూర్చుంది.

బ్యాండు బస్సు తప్పిపోయి, సున్నం లారీ పట్టుకుని వచ్చింది. ఎర్రకోట్లన్నీ తెల్లగా ఉన్నాయి. దులుపుకుంటుంటే ఒకరికొకరు కనపడడం లేదు. పాతికమంది ఉంటారని నేను ఊరంతా చెప్పుకున్నాను, దిగింది పదకొండుమంది. పెద్ద బాకా పట్టుకున్నాయన తుమ్ముతూనే ఉన్నాడు. మాస్టారు నెమ్మదిగా ముందుకొచ్చి, అరుగు మీద నాయనమ్మకు దణ్ణం పెట్టి, అందరినీ మా వాకిట్లో గుండ్రంగా నిలబెట్టాడు.

మొదలుపెట్టారు.

ఏం చెప్పమంటారు! ఇంటి మీద రాళ్లు పడుతున్నట్టుంది. డ్రమ్ముల దెబ్బకు గడప కదిలింది. తాళాలు నేరుగా పళ్లలోకి దిగాయి. బాకాల్లోంచి ఉమ్మి కారుతోంది. క్లారినెట్టు ఎక్కడో ఆ రొద అడుగున గింజుకుంటోంది. బండెద్దుల పాట గుర్తుపట్టేలోపే అయిపోయింది. అలిగిన పెళ్లికూతురి పాట వచ్చేసరికి నాయనమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. క్లారినెట్టు బతిమాలింది, పైకి పోయింది. ఇప్పుడు దిగుతుందని నాయనమ్మ వేలెత్తింది.

దిగలేదు. అక్కడ క్లారినెట్టు ఆగిపోయి డ్రమ్ములు దబదబలాడాయి. పాట మళ్లీ మొదటికొచ్చింది.

నాయనమ్మ వేలు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. మాస్టారు వాయిస్తూనే అది చూశాడు. నేను ఆయన మొహం చూడలేక తల తిప్పుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఈ గోల కోసమా నేను అన్నం మానేసింది?

నాయనమ్మ లేచింది.

"చూశావా, అమ్మకే తెలుసు యాడ కూర్చోవాల్నో," అంది పెద్ద మేనత్త.

నాకు ఒళ్లు మండిపోయింది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "కూర్చో! ఇప్పుడు లోపలికి పోయావంటే వీళ్ల మాటే గెలుస్తుంది," అన్నాను.

"ఏమే, నీ పంతం కోసం నా చెవులు పోగొట్టుకోమంటావా? నేను లోపలికి పోవట్లా, పైకి పోతన్నా," అని నాయనమ్మ చెయ్యి విడిపించుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మిద్దె మెట్లెక్కింది.

ఊరేగింపు కదిలింది. టాపులేని జీపులో అన్నయ్యా వదినా, ముందు బ్యాండు, వెనక ఊరు. మాస్టారు మాత్రం ఆయాసంతో మా అరుగు మీద చతికిలబడి, రెండో క్లారినెట్టు వాయించే తమ్ముడి కొడుక్కి చెయ్యి ఊపి మేళాన్ని పొమ్మన్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను.

"అమ్మకి నచ్చలా," అన్నాడు.

"ఎండకి తలనొప్పంట మాస్టారూ."

"అబద్ధాలాడబాక పాపా. నలభై ఏళ్ల నుంచీ మొహాలు చూసుకుంటా వాయిస్తన్నా." గ్లాసు కింద పెట్టి మెట్ల వైపు చూశాడు. "నేనే అడుగుతా."

క్లారినెట్టు చంకన పెట్టుకుని, చెప్పులు కింద వదిలేసి, ఆగి ఆగి ఎక్కాడు. వెనక నేను. ఏ గొడవ జరుగుతుందోనని నా భయం. నాయనమ్మ అప్పటికే నీళ్లు చల్లి, గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. ఆయన్ను చూసి పైట సర్దుకుంది.

"కోపం తెచ్చుకోబాక సాయిబూ. నీ మేళం చానా మంచిది. దగ్గర్నుంచి మటుకు బాగలేదు."

ఆయన క్లారినెట్టు పక్కన పెట్టి, పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈలోగా ఊరేగింపు ఊరి చివర బడి దాటి, వాగు గట్టు దాకా వెళ్లింది. రొదంతా సద్దుమణిగింది. అప్పుడు గాలి తిరిగింది.

పాట వచ్చింది. నా చిన్నప్పటి పాట. డ్రమ్ములు ఎక్కడో మెత్తగా, బాకాలన్నీ కలిసిపోయి ఒకే గొంతుగా, పొలాల మీదుగా తేలుతూ వచ్చింది. మాస్టారు తల పక్కకు వంచి వింటున్నాడు.

"ఎవురిదీ మేళం?" అన్నాడు.

"నీదే!" అంది నాయనమ్మ.

"మాదా?" ఆయన లేచి నిలబడ్డాడు. "పందొమ్మిదో ఏట మేళంలో చేరానమ్మా. అప్పట్నుంచీ మధ్యలోనే నిలబడి ఊదతన్నా. బయట నిలబడి విన్నది లేదు. మా వోళ్లు ఇంత బాగా వాయిస్తారా?"

"ముప్పై ఏళ్ల నుంచీ నేను చెప్తానే ఉన్నా, ఇక్కడ ఇనేవాళ్లెవరు?"

అలిగిన పెళ్లికూతురి పాట మొదలైంది. పైపైకి పోయింది. గాలి అటు తిరిగింది, పాట ఆగింది. నాయనమ్మ అలవాటు ప్రకారం ఊఁ ఊఁ అంటూ మెట్లు దిగింది. మాస్టారు గబుక్కున ఇటు తిరిగాడు.

"అదేంది?"

"ఏదేంది? మీ పాటే గదా."

"మా పాటలో అది లేదమ్మా."

"ఎందుకు లేదు? ముప్పై ఏళ్ల నుంచీ ఇంటన్నా! ఇందాక వాకిట్లో మింగేశారు గానీ."

"నలభై ఏళ్ల నుంచీ వాయిస్తన్నా, నాకు తెలవదా?"

ఇద్దరూ గొంతు పెంచారు. నేను సాక్ష్యానికి వచ్చి, "ఉంది మాస్టారూ, నాక్కూడా వచ్చు," అని పాడి చూపించాను. ఆయన నన్నూ నాయనమ్మనూ మార్చి మార్చి చూసి, వాగు వైపు చూసి, పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

"గాలి మింగేసినకాడ నువ్వే అల్లావన్నమాట! అది నీదమ్మా, మాది కాదు."

నాయనమ్మ మొహం ఎర్రబడింది. "నేనేందీ, అల్లటమేందీ! దొంగతనం అంటగట్టబాక," అంది. గొంతులో మాత్రం సంతోషం ఆగడం లేదు.

"ఇంకోసారి పాడు."

"నేను పాడను."

"ఊఁ అనైనా అనమ్మా, చాలు."

పైట నోటికి అడ్డం పెట్టుకుని, వాగు వైపు తిరిగి, సన్నగా అంది. ఆయన క్లారినెట్టు అందుకున్నాడు. ఒకసారి తప్పింది, నాయనమ్మ చెయ్యి అడ్డం ఊపింది. రెండోసారి కుదిరింది. చిన్న ముక్క అది, ఆయనకున్న ఊపిరికి సరిగ్గా సరిపోయింది.

ఊరేగింపు వెనక్కి తిరిగి మా వీధి మొదట్లోకి వచ్చింది. అదే పాట. పైకి పోయి డ్రమ్ములు అందుకోబోయే చోట మిద్దె మీద నుంచి క్లారినెట్టు మెట్లు దిగింది. కింద తమ్ముడి కొడుకు ఉలిక్కిపడి తలెత్తి చూశాడు. రెండో చుట్టుకు చెయ్యెత్తి డ్రమ్ముల్ని ఆపేశాడు. వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దంలో మా నాయనమ్మ ముక్క ఒక్కటే మోగింది. జీపులో కొత్త పెళ్లికూతురు తల వంచుకోవడం మరిచిపోయి పైకి చూసింది. మేనత్తలు కూడా చూశారు. ఊరేగింపుకు ఎదురుగా, అందరికన్నా ఎత్తున, పిట్టగోడ పట్టుకుని నాయనమ్మ నిలబడి నవ్వుతోంది. నేను ఆనందం పట్టలేక మిద్దె మీద గెంతాను, నాపరాయి ఒకటి కదిలింది, ఆ చోట ఆ తర్వాత ప్రతి వానాకాలం కురిసింది.

దిగి వెళ్లేటప్పుడు మాస్టారు, "ఎట్టుందమ్మా ఇప్పుడు?" అని అడిగాడు.

"ఇప్పుడు బాగుంది. ఆ డ్రమ్ములోడికి మటుకు కాస్త చెప్పు," అంది.

మరుసటి ఎండాకాలం సెలవులకు నేను ఇంట్లో ఉన్నాను. పొద్దు వాలుతుండగా అవతలి ఊళ్లో బ్యాండు మొదలైంది. ఇద్దరం మిద్దె ఎక్కాం. బండెద్దుల పాట వచ్చింది, వాన పాట వచ్చింది. తర్వాత అలిగిన పెళ్లికూతురి పాట. పైపైకి పోయింది. నాయనమ్మ ఊఁ అనబోయి, టక్కున నా చెయ్యి పట్టుకుంది.

వాగవతల నుంచి, మైలు దూరం నుంచి, ఆ ముక్క మెల్లగా మెట్లు దిగుతూ వస్తోంది. ఎవరిదో పెళ్లి, ఎవరో పిల్ల. నాయనమ్మ పెదవులు కదలలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె ఆ చోట నోరు మూసుకుని విన్నది.