కొళాయి వరసలో నేర్చిన జావా

మొన్న మా ఫ్లాట్లో రెండు రోజులు నీళ్ళు ఆగిపోయి తిరిగి వచ్చినప్పుడు, వంటింటి కొళాయి తిప్పగానే ముందు గాలి బుస్సుమంది, తర్వాత ఎర్రటి నీళ్ళు నాలుగు చుక్కలు పడ్డాయి, వాటితో పాటు పాత ఇనుము తుప్పు వాసన గుప్పుమని ముక్కుకు తగిలింది. వేరే ఎవరైనా ముక్కు మూసుకునేవారేమో. నేను మాత్రం సింకు మీదకు వంగి ఇంకోసారి పీల్చాను. అది మా పేట కొళాయి వాసన.

విశాఖ హార్బరుకు ఆనుకుని ఉన్న మా పేటలో, మగవాళ్ళు వేటకు పోయాక, ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తికెత్తుకునే లోపు, వీధి చివరి కొళాయికి కాసేపు నీళ్ళొచ్చేవి. అంతకు చాలా ముందే బిందెలు వరస కట్టేవి. ఇత్తడివి, స్టీలువి, సొట్టలు పడ్డ ప్లాస్టిక్‌వి, మూతి విరిగిన పెయింటు డబ్బాలు కూడా. ఇసుకలో ఎండబెట్టిన నెత్తళ్ళ వాసన, ఉప్పుగాలి కలిసి మెడకు జిగటగా అంటుకునే ఆ వేసవి పొద్దుల్లో, ఎవరింట్లో ఏం కూరో, ఎవరి వలకు ఏం పడిందో మాకు అక్కడే తెలిసేది. ఆ వరసకు కాపలా మా మామ్మ నూకాలు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ గట్టు మీద కూర్చునేది. మనిషి పక్కన లేని బిందె వరసలో ఉండకూడదన్నది ఆవిడ చట్టం. సొంత కోడలి బిందెకైనా మినహాయింపు లేదు. అలాంటి బిందెల్ని తీసి పక్కన పెట్టడం నా పని.

ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఆ పనికి దిగి, కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక బిందెను లాగేసి గొప్పగా ఒక అడుగు ముందుకు వేశాను. ఆ లోపే ఆడవాళ్ళు కాళ్ళతో తోస్తూ వరసంతా జరిపేశారు. దాని వెనకున్న దిక్కులేని బిందె ఖాళీ అయిన చోటికొచ్చి, నా వీపు వెనక హాయిగా కూర్చుంది.

“ఒలే, కళ్ళెక్కడెట్టుకున్నావే? దాన్నొగ్గేసినావు!” అని మామ్మ అరిస్తే పేటంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి వరస తోక వైపు నుంచి రావడం మొదలుపెట్టాను. అలా వస్తే ఏదీ తప్పించుకోలేదు. ఎందుకని ఆలోచించలేదు, తిట్లు తప్పాయి, అంతే చాలనుకున్నాను.

తొమ్మిదో తరగతి అయిపోయిన వేసవిలో, ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు పిల్లలకు కంప్యూటర్ భాష జావా ఉచితంగా నేర్పుతున్నారని మా టీచరమ్మ నా పేరు రాయించింది. కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి, పునుగుల బండి నూనె పొగలోంచి నడిచి, మేడ మీది చల్లటి గదిలోకి వెళ్ళడమంటే నాకు పండగే. సెలవుల తర్వాత కూడా క్లాసులుంటాయి గానీ, కంప్యూటర్లు తక్కువ కాబట్టి ఆఖరి రోజు పరీక్షలో నెగ్గినవాళ్ళకే సీటు. చాలామందికి ఇంట్లోనే కంప్యూటరుంది. నాకు ఆ గది తలుపు మూసుకుంటే మళ్ళీ కీబోర్డు ముట్టుకునే దారే లేదు. అన్నం తింటున్నా అదే భయం.

ఆ వారం నేర్చుకున్నది అర్రేలిస్ట్, అంటే మాటల్ని వరసగా దాచుకునే జాబితా. ఎన్ని మాటలొస్తాయో ముందే చెప్పక్కర్లేదు. చేర్చేకొద్దీ పెరుగుతుంది, తీసేకొద్దీ తగ్గుతుంది. అందరూ పళ్ళ పేర్లు కొడితే నేను ఇంగ్లీషు అక్షరాల్లో వంజరం, కవళ్ళు, కానాగంతలు, చందువ అని చేపల పేర్లు కొట్టాను. పక్క సీట్లో ఉక్కునగరం నుంచి వచ్చే కిరణ్ తన స్నేహితుణ్ణి గిల్లి, “కంప్యూటర్ కూడా కంపు కొడతాది సూడు బావా,” అన్నాడు. నేను వినిపించుకోనట్టు ఇంకో రెండు చేపలు చేర్చాను.

ఆఖరి రోజుకు ముందు రోజు సార్ ‘కె’ అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ తీసేసే ప్రోగ్రాం రాయమన్నారు. కిరణ్ జాబితాలో ‘కె’ పళ్ళు చక్కగా పోయాయి. నా జాబితాలో కవళ్ళు పోయాయి, వాటి పక్కనే ఉన్న కానాగంతలు మాత్రం కదల్లేదు. ఎన్నిసార్లు నడిపినా అదే చేప తెర మీద నన్నే చూస్తోంది.

“తప్పు దొరికింది కదా, సగం పని అయినట్టే. మిగతా సగం రేపటికి,” అన్నారు సార్. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా వరస తోక దగ్గర నిలబడి ఒక బిందెను లాగాను. దాని వెనకవి ముందుకు జరిగాయి. అవన్నీ నేను చూసేసినవే! చెయ్యి అలాగే ఆగిపోయింది. కవళ్ళు తీసేయగానే కానాగంతలు ఆ చోటికి జరిగాయి, నా ప్రోగ్రాం మాత్రం ఎనిమిదేళ్ళప్పటి నాలాగే ఒక అడుగు ముందుకు వేసేసింది.

“వరస జరిగిపోతంది మామ్మా! ఎనకాల్నుంచి రావాల!” అని అరిచాను.

“ఏటే, పొద్దున్నే గాలి గాని సోకిందేటి?” అంది మామ్మ చుట్ట తీసి. నేనప్పటికే తడి పరికిణీతో బస్సు కోసం పరుగెత్తుతున్నాను.

ఆ రోజు సార్ ప్రతి కంప్యూటరులోనూ తనే కాకి, కుక్క, కప్ప, పిల్లి అని కొట్టి నడిపించారు. కిరణ్ తెర మీద పిల్లితో పాటు కుక్క కూడా మిగిలింది. నా తెర మీద పిల్లి ఒక్కటే. సార్ ఇంకో పది మాటలు గుప్పించారు, ‘కె’ ఒక్కటీ మిగల్లేదు. “సీటు నీదేనమ్మా,” అన్నారు. ఆ ఒక్క మాటకు నేను భూమ్మీద నిలిస్తే ఒట్టు.

“ఎలా సేసావు?” అని కిరణ్ గొణిగాడు. అందరి నీళ్ళ సీసాలూ నేల మీద వరసగా పెట్టించి, లాగి, జరిపి చూపించాను. కంపు సంగతి మళ్ళీ ఎత్తలేదు అతను.

మర్నాడు కొళాయి బుస్సుమనగానే మామ్మ గట్టు దిగింది. ఎవరినీ వరస తప్పనివ్వని మనిషి, మా బిందెను తోకలోంచి ఎత్తి తెచ్చి, అందరికంటే ముందు, ధార కింద పెట్టింది. “నా మనవరాలు గెలిసింది. ఇయాల ముందు దానికి. ఎవులైనా ఏటైనా అంతారా?” అంది. బిందెలన్నీ ఒక అడుగు వెనక్కి జరిగాయి. పైగా ఇద్దరు ముగ్గురు నా బుగ్గలు పుణికారు.

ఇప్పుడు ఆ కొళాయి చోట సిమెంటు రోడ్డుంది. పేటలో ఇంటింటికీ నీళ్ళొచ్చాయి, మంచిదే. గట్టూ లేదు, అడ్డపొగా లేదు, మామ్మా లేదు. రుషికొండ మీది ఆఫీసులో నేను రోజంతా రాసేది ఇలాంటి జాబితాల ప్రోగ్రాములే. మొన్న మాత్రం సింకులో ఎర్రనీళ్ళు తేటపడే దాకా ఆగి, ఒక బిందె తెచ్చి ధార కింద పెట్టి, నిండేదాకా అక్కడే నిలబడ్డాను. వెనక ఎవరూ లేరు. అయినా మొదటి బిందె నాదే.