బాపుకు కంప్యూటర్ వేసిన మార్కులు

మా బాపుకు మెదక్‌లో సగం మంది కొలతలు నోటికి వచ్చు. మా టైలర్ షాపుకు పాత గిరాకీలు బట్ట పంపితే చాలు, మనిషి రానక్కర్లేదు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి కత్తెర వదిలేశాక కూడా ఆయన కుర్చీలో కూర్చొని కొలతలు చెప్పేవాడు, నేను కత్తిరించేవాణ్ని. ఆయనకు మిగిలిన పని అదొక్కటే. అదీ పోతే ఇంట్లో మూలన కూర్చోవడమే.

హైదరాబాద్ డాక్టరు ఒక సీడీ ఇచ్చి, మెదడు మందగించకుండా రోజూ కంప్యూటర్‌లో ఆడించమన్నాడు. తెర మీద ఐదు బొమ్మలు ఒక్కొక్కటే వచ్చిపోతాయి. తర్వాత అన్నీ కలిపి చూపిస్తే, వచ్చిన వరుసలోనే మౌసుతో నొక్కాలి. తప్పితే ఎర్ర గీత, ఒక కూత. చివర్లో వందకు ఇన్ని మార్కులని వేస్తుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా అవి రాష్ట్రం కోసం బందుల మీద బందులు నడుస్తున్న రోజులు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఉన్న గంటలో మిషన్లు నడపాలా, ఈయన చేత చిలుకలనూ గొడుగులనూ నొక్కించాలా? నొక్కితే అన్నీ తప్పులే. మొదట నలభై వచ్చేవి, తర్వాత ముప్పై, ఆ తర్వాత ఇరవై.

"జర మనసు పెట్టి ఆడరాదు బాపూ!" అని అరిచేవాణ్ని.

"పెట్టే ఆడుతున్న బిడ్డా. గదే నా మాట ఇంటలేదు" అనేవాడు.

డాక్టరును అడుగుదామని బయలుదేరితే తూప్రాన్ దగ్గర రాస్తారోకో, బస్సును వెనక్కి తిప్పారు. ఇంకోసారి బస్సే కదల్లేదు. ఇక నేనే తీర్పు చెప్పేశాను: బాపు మతి పోతోంది. నోటుబుక్కు కొని, పాత గిరాకీలందరినీ పిలిపించి, ఆయన ముందే మళ్లీ టేపు పట్టి రాసుకున్నాను. ఆయన నోరు తెరవబోతే "నువ్వుండు బాపూ, రాసుకున్న" అనేవాణ్ని. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మూడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం పన్నెండు మార్కులు చూసి ఒళ్లు మండి మౌసు లాక్కున్నాను.

"ఏది నొక్కాల్నో నోటితోటి చెప్పు. నేనే నొక్కుత."

"చిలుక. గొడుగు. రైలు. బిందె. గొడ్డలి."

అన్నీ సరైనవే. ఆ తర్వాత వచ్చినవీ సరైనవే. తొంభై ఆరు మార్కులు.

మౌసు మళ్లీ ఆయనకిచ్చి, ఈసారి తెరను వదిలి వేలిని చూశాను. చిలుకను ఒకసారి నొక్కబోతే వణికే వేలు రెండుసార్లు నొక్కుతోంది. ఆ రెండో నొక్కును కంప్యూటర్ తప్పు కింద తీసుకుంటోంది. ఇంతే సంగతి! మూడు నెలలు మార్కులు చూశానే తప్ప పక్కనే ఉన్న చేతిని చూడలేదు. ఆ పెట్టెను ఎత్తి బజార్లో పడేయాలనిపించింది.

మర్నాడు కుల్చారం నుంచి మా పాత గిరాకీ, ఒక బడిపంతులు, అంగీ బట్ట పంపాడు. బాపును కుర్చీలో కూర్చోబెట్టి "సారు కొలతలు చెప్పు" అన్నాను.

"పొడుగు ముప్పై. ఛాతి నలభై రెండు. భుజం పద్దెనిమిదిన్నర" అన్నాడు, తడుముకోకుండా. నోటుబుక్కులో నేను రాసుకున్నదానికి ఒక్కటి కూడా తేడా లేదు. చాక్‌పీసుతో గీతలు గీసి కత్తెర అందుకున్నాను.

ఆయన వణికే చేత్తో బట్టను అదిమి పట్టుకున్నాడు.

"నా నోటిమాట మీద కొయ్యకు బిడ్డా. సారును ఒక్కపారి రమ్మని కబురు వెట్టు. కొలిచినంకనే కొయ్యి."