పీకేసిన ఫోను

వైరు పీకేసి బీరువా మీద పెట్టిన ఫోనుకు నేను కాల్ చేస్తే, అవతల ఎవరో ఎత్తారు.

హలో అనలేదు. నేనూ నోరు తెరవలేకపోయాను. దూరంగా కోడి అరిచింది. స్టీలు గిన్నెకు గరిటె తగిలిన చప్పుడు. తర్వాత ఎవరో నెమ్మదిగా ఊపిరి తీసుకున్నారు. రిసీవరు పెట్టేశాను.

అనంతపురంలో మా పత్రిక ఆఫీసంతా ఒకటే హాలు. చివరి సీటు వ్యవసాయ వార్తలు రాసే మిత్రుడిది. ఎండాకాలం మొదట్లో గుండెపోటుతో చనిపోయాడు. అతని బల్ల మీది ఫోను చూడలేక మేమే పీకి బీరువా మీద పెట్టాం. ఆ సీటుకు కొత్త విలేకరి వస్తున్నాడని, ఫోన్లు సరిచూడటానికి మెకానిక్కును పిలిచాం. అందరూ భోజనానికి వెళ్లారు. అంకెలు తప్ప మిగతా మీటలేవీ తెలియని నాకు అతను ఓపికగా చెబుతున్నాడు.

"ఎక్స్‌టెన్షన్ అంటే మీ సీటు నంబరు సార్. హోల్డ్ అంటే అవతలి మనిషిని ఆపి పెట్టేది. ట్రాన్స్‌ఫర్ అంటే ఇంకొకరికి అప్పజెప్పేది. ఏదీ, ఒక్కో సీటుకూ కొట్టి చూడండి."

ఎలాగూ మోగదు కదా అని చివరి సీటుతోనే మొదలుపెట్టాను.

"పీకేసిన ఫోను ఎట్ల ఎత్తుతారప్పా?" అన్నాను.

"ఆయప్ప ఫార్వర్డ్ పెట్టుకోనుండాడు సార్. ఈడికొచ్చే కాల్ ఆయన సెల్లుకు పోతాది. నేనే నేర్పిచ్చినా."

"వైరు పీకినాం కదా?"

"బోర్డు పీకేస్తే ఊరు పోతాదా సార్?" నవ్వాడు. "ఫార్వర్డ్ ఉండేది ఫోన్లో కాదు, గోడమీది డబ్బాలో. తీసేద్దునా?"

"ఉండప్పా," అన్నాను. ఎత్తింది ఎవరో తెలియాలి.

ఆ సాయంత్రం బుక్కరాయసముద్రంలో మిత్రుడి ఇంటికి వెళ్లాను. భార్య ఒక్కతే ఉంది. వంటగట్టు మీద అతని సెల్లు ఛార్జింగులో ఉంది.

"రైతులు చేస్తాంటారన్నా. ఆయన లేడని చెప్తా. అయ్యో అని పెట్టేస్తారు. మధ్యాన్నం చేసే ఒకాయన మాత్రం ఏం మాట్లాడడు. నేనూ మాట్లాడను. సెల్లు పక్కన పెట్టుకోని అన్నం తింటా. తినేదాకా ఉంటాడు. ఈ పొద్దు ఎందుకో తొందరగా పెట్టేసినాడు."

"ఈ పొద్దు చేసింది నేనమ్మా."

ఆమె ముఖం తేటపడింది. "అయితే రోజూ నువ్వేనా అన్నా?"

"కాదమ్మా. ఈ ఒక్క పొద్దే."

సెల్లు చేతిలోకి తీసుకుంది. "కానీ మీ ఆఫీసు నుంచేన్నా. మా ఆయన సీటు పైన ఒక ఫ్యాను తిరుగుతాది చూడు, టకటకమని. ఆయన మాట్లాడేటప్పుడంతా వినిపిచ్చేది. ఇప్పుడు వినిపిచ్చేదీ అదే ఫ్యాను."

అలా మోగే ఫ్యాను మా హాల్లో ఒకటే ఉంది. దాని కింద ఇప్పుడు ఎవరూ కూర్చోరు.

కొత్తాయన వస్తే ఫార్వర్డ్ తీసేయాల్సి వస్తుందని మెల్లగా చెప్పాను.

"తీసేస్తే ఒక్కదాన్నే తినల్ల కదన్నా," అంది.

రోజూ మధ్యాహ్నం ఆ నంబరుకు చేసేది ఎవరని మర్నాడు ఆఫీసులో అందరినీ అడిగాను. "బతికిండేవాళ్లకు చేసేకే తీరిక లేదు, పోయినోళ్లకు యాడ చేస్తామన్నా?" అన్నాడొకడు. ఎవరూ నవ్వలేదు. లోపలి కాల్స్ ఎవరు ఎవరికి చేశారో ఆ డబ్బాలో నమోదు కాదన్నాడు మెకానిక్కు. రెండు మధ్యాహ్నాలు భోజనానికి వెళ్లకుండా హాల్లోనే కాపు కాశాను. ఆ రెండు రోజులూ ఆమెకు కాల్ రాలేదు. అన్నం ముట్టకుండా అట్లే మూత పెట్టేసినానని ఆమె చెప్పాక, మళ్లీ కాపు కాయలేదు. కొత్త విలేకరికి వేరే నంబరు ఇప్పించాను.

అతను వచ్చిన వారానికే ఆ ఫ్యాను చప్పుడు భరించలేనన్నాడు. పాత ఫ్యాను విప్పించి స్టోరురూములో పడేశాం. ఇప్పుడున్న ఫ్యాను తిరుగుతున్నట్టే తెలియదు.

ఫార్వర్డ్ అలాగే ఉంది. మధ్యాహ్నం కాల్ వస్తూనే ఉందట. టకటక ఇంకా వినిపిస్తోందని ఆమె చెబుతోంది.