మోకిలకు ఒక హవాయి మాట

ఈ ఉదయం మా ఆవిడను చేవెళ్లలో ఆటో ఎక్కించి వచ్చాను. మోకిలలో వాళ్లక్క కూతురి నిశ్చితార్థం పనులట, నాలుగు రోజుల్లో వస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగింది. భాషలు నేర్పే యాప్. పాఠం మానేసి చాలా రోజులైందని గుర్తుచేస్తోంది. నేను నేర్చుకున్నది హవాయి భాష. నవ్వుకోండి, ఫర్వాలేదు.

బడిపంతులుగా రిటైరయ్యాక పొద్దుపోక మొదలుపెట్టాను. పదమూడే అక్షరాలు, పైగా తెలుగులాగే ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. దూరపు చుట్టరికమేదో కలిసినట్టనిపించింది. సరిగ్గా అప్పుడే వాళ్లక్క కాలు విరగ్గొట్టుకుంటే, మా ఆవిడ నలభై రోజులు మోకిలలో ఉండిపోయింది. గట్టిగా గంట ప్రయాణం కూడా కాదు. ఒకసారి వెళ్లాను కూడా. హాలు నిండా చుట్టాలు. చాయ్ తాగి, గ్యాస్ బండ అయిపోవచ్చిందని ఆవిడతో ఒక్క ముక్క చెప్పి తిరిగొచ్చాను. ఇంట్లో పాలు తోడుపెట్టడం మరిచిపోయి, పెరుగు లేని అన్నం తింటున్నప్పుడల్లా బెంగ ముంచుకొచ్చేది. యాదికొస్తున్నవ్ అని చెప్పాలనుకునేవాణ్ని. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట, ఫోనెత్తగానే గొంతు దాటేది కాదు.

ఒక సాయంత్రం ధైర్యం చేసి ఆ మాటే హవాయిలో అనేశాను. "కె హఓ నెయి అవు ఇయా ఓయె."

అదేం మాట, అర్థమేందని అడిగింది. నా పిరికితనం చూడండి, 'తిన్నవా' అని అర్థమని బొంకాను.

ఆవిడ ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకుంది. మర్నాటి నుంచి రోజూ ఫోను పెట్టేసే ముందు తప్పు లేకుండా అప్పజెప్పేది. నేను తిన్నాననేవాణ్ని. ఆ మాట ఆవిడ నోట వింటే ప్రాణం లేచొచ్చేది, ఆ వెంటనే సిగ్గేసేది. అబద్ధమాడి అనిపించుకుంటున్నాను కదా. అదే మాటతో మోకిల పాలాయననూ పలకరిస్తోందేమోనన్న గుబులొకటి. నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ని. చెబితే ఇక అనదేమోనని ఊరుకునేవాణ్ని.

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చింది. సంచీ దింపుతూనే తిన్నవా అని మామూలు తెలుగులో అడిగింది. నాకు ఉసూరుమనిపించింది.

"హవాయి మాట మరిచినవా?" అన్నాను.

"నువ్వు ఎదురుంగనే ఉన్నవు గద. ఇంక యాది చేసుడెందుకు?" అంది, సంచీలోంచి తల ఎత్తకుండానే.

మూడో రోజే అక్క కూతురి చేత ఫోన్‌లో అర్థం వెతికించిందట. అంటే ఆ తర్వాతి సాయంత్రాలన్నీ తెలిసే అంది. నేను మాత్రం ప్రతిసారీ, బుద్ధిమంతుడిలా, తిన్నానని జవాబిచ్చాను.

ఇది రాస్తూ కూర్చుంటే సాయంత్రం ఐదైంది. ఆరింటికి ఆవిడ ఫోను చేస్తుంది. ఈసారి నేనే ముందు అనాలి, తెలుగులోనే. ముప్పై ఆరేళ్లు ఎట్లా గడిచాయో తెలియలేదు గానీ, ఈ ఒక్క గంట మాత్రం కదలనంటోంది.