మామయ్య బండికి నేను కోసిన గొట్టాలు

మా ఎర్మిందో మామయ్య పేరు ఈ పంపా గడ్డి మైదానాల మట్టి రేసు ట్రాకుల మీద తెలియనివాళ్ళు లేరు. గెలిచినందుకు కాదు. ఏళ్ళ తరబడి రెండోవాడిగానే వచ్చినందుకు. వారమంతా ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఆదివారం తన పాత ఫియట్ తోలతాడు. ఈమధ్య చూపు మందగించింది. రేసులో తోలడానికి కళ్ళ డాక్టరిచ్చిన సర్టిఫికెట్ గడువు ఈ సీజనుతో సరి.

"మానేసేలోగా ఒక్కసారి ఆ బౌదీలియోగాడి ముందు గీత దాటాలిరా," అనేవాడు. బౌదీలియో ఆయన బావమరిది. ఎప్పుడూ మొదటివాడు.

ఆ ఆఖరి రేసుకి ఇంజను సిద్ధమవుతుంటే నేను మధ్యలో దూరాను. నేనంటే, ధాన్యం గోదాములో బస్తాలు మోస్తూ, ఊళ్ళో ఎవడికీ ఏమీ తెలియదని కుమిలిపోయే మేధావిని. ఇంజన్లోకి గాలి ఎలా వెళుతుందో చెప్పే పుస్తకం ఒకటి రొసారియో నుంచి తెప్పించుకుని చదివాను. సగం.

కార్బురేటర్ మీద మామయ్య పెట్టిన రెండు గొట్టాలూ జానెడు పొడవు, పైన బాకాల్లా విచ్చుకున్న మూతులు.

"గాలికి ఇంత దూరం నడకెందుకు మామయ్యా? కోసేద్దాం."

"ఎప్పట్నుంచో ఇవే ఉన్నాయిరా."

"ఎప్పట్నుంచో నువ్వు రెండోవాడివేగా!"

ఆ మాటకి ఆయన రంపం తీసి నా చేతిలో పెట్టాడు.

కోసిన మూతులు బోర్లిస్తే, మాతే ఆకు వేడినీళ్ళలో నానబెట్టుకుని తాగే సొరకాయ బుర్రలకి చక్కని కుదుళ్ళయ్యాయి. ఒకటి మామయ్య ఉంచుకున్నాడు. రెండోది, మంచి మనసు కదా, బౌదీలియోకి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున తొలి రౌండు. తిన్నని దారిలో బండి గర్జించింది. నేను కంచె ఎక్కి ఈలలు వేశాను. మలుపులో వేగం తగ్గించి మళ్ళీ ఎత్తుకోబోతే దగ్గడం మొదలుపెట్టింది. ఆ ట్రాకు నిండా మలుపులే. మామయ్య చిట్టచివర వచ్చాడు. పొట్టి గొట్టం ఇంజను ఉరకలు వేసేటప్పుడే పనికొస్తుందనీ, నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి గాలి నిండుగా అందించేది పొడుగు గొట్టమేననీ నేను చదవని సగంలో ఉందట.

మామయ్య తిట్టలేదు. అదే నాకు కష్టంగా ఉంది. "ఆ మూతులు పట్టుకురా. రేడియేటర్ రబ్బరు గొట్టంతో అతుకుదాం. ఫైనల్ మధ్యాహ్నం కదా," అన్నాడు.

ఒకటి ఆయన సంచీలోనే ఉంది. రెండోది బౌదీలియో డేరాలో, నిండు బుర్ర కింద.

"ఆ కుదురు కావాలి బాబాయ్."

"దేనికి ఇంజనీరు గారూ? ఇంకా కోస్తారా?" చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

"అతకాలి."

"ఇస్తాలే. బుర్ర అందరి చేతులూ ఒక చుట్టు తిరగనీ. కూర్చో, నీ వంతూ వస్తుంది."

వంతులో ఉన్న బుర్రని మధ్యలో ఆపమనే ధైర్యం మా వైపు ఎవడికీ ఉండదు. అటు టైము అయిపోతోంది, ఇటు బుర్ర తీరిగ్గా చేతులు మారుతోంది. నా వంతు వచ్చాక నాలుక కాలుతున్నా గబగబా పీల్చాను. బుర్రలోంచి నెమ్మదిగా పీల్చడానికి నా నోట్లో ఉన్నదీ సన్నని పొడుగు గొట్టమే. చిన్నప్పట్నుంచీ దాంతోనే తాగుతున్నాను. ఒక్కసారైనా ఆలోచించి ఉంటే పుస్తకం డబ్బులు మిగిలేవి.

పొద్దున చివర వచ్చినందుకు ఫైనల్లో మామయ్య ఆఖరి వరసలోంచి బయల్దేరాడు. ప్రతి మలుపులోంచీ బండి గుంజుకుంటూ లేచింది. ఒక్కొక్కణ్ణీ దాటాడు. గీత దగ్గరికొచ్చేసరికి ముందున్నది బౌదీలియో ఒక్కడే, బండి పొడవంత దూరంలో.

రెండోవాడు.

"నేను కోయకపోయుంటే..." అన్నాను.

"ముందు వరసలో ఉండేవాణ్ణి. తెలుసులే, మళ్ళీ చెప్పకు." హెల్మెట్ తీసి మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చదువుకున్నోడివేగా?"

"సగం."

"చాలు. కళ్ళ డాక్టరు గోడ మీద అక్షరాల అట్ట ఉంటుంది చూడు. అది చూసొచ్చి నాకు బట్టీ పట్టించు. వచ్చే ఏడాది ఆ బౌదీలియోగాడి సంగతి చూద్దాం."

ఇప్పుడు సాయంత్రం పూట షెడ్డులో మామయ్యకి అక్షరాలు అప్పజెప్పిస్తున్నాను. నా చదువుకి దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఆ అట్టని మాత్రం కింది వరస దాకా చదివాను.