నేను ముందు తిన్న ముద్ద

నాకు అక్షరాలు రాకపోవడం వల్ల ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. నా చిన్నతనమంతా తుమ్మపాల దగ్గర బెల్లం వండే పాకలో గడిచింది. అమ్మ ఎండిన చెరకు పిప్పి మోసుకొచ్చేది, నేను పొయ్యిలోకి తోసేదాన్ని. ఆ పొగలో పుస్తకం పట్టుకున్న పిల్లలెవరూ లేరు. తల నెరిశాక, మా చర్చిలో పాస్టరమ్మగారు సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. బైబిలు నాకు నేనుగా చదువుకోవాలన్నదే అప్పటి ఆశ. కుక్క గురించి రాస్తానని అనుకోలేదు. కానీ అది నన్ను వదలడం లేదు.

చదువు రాకముందు నేను సబ్బవరం రోడ్డులోని కుక్కల షెడ్డులో వంట చేసేదాన్ని. వీధికుక్కల్ని వల వేసి పట్టుకొచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి కొస కత్తిరించేవారు. పుండు మానాక ఏ వీధిలో పట్టారో ఆ వీధిలోనే వదిలేవారు. వేరేచోట వదిలితే అక్కడి కుక్కలు బతకనివ్వవు కాబట్టి అది రూలు.

ఆ కుక్క వానాకాలంలో వచ్చింది. గోధుమరంగు ఆడకుక్క. పాలు ఎండిపోయి పొదుగు వేలాడుతోంది. ఆపరేషన్ అయి మెలకువ రాగానే మూలకు దూరి, గోడకు ముఖం పెట్టేసింది. మొరగలేదు, కరవలేదు. నా అడుగు వినబడితే చాలు, నిలబడినచోటే ఉచ్చ పోసుకునేది. మిగతా కుక్కలు గిన్నె చప్పుడుకు గోల చేస్తుంటే, ఇది నూకల అన్నం వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు.

కొత్తగా వచ్చి తిండి మానేసిన కుక్కకు నేను అన్నంలో ఇంత బెల్లం కలిపేదాన్ని. మా వైపు ఒంట్లో బాగోలేని దూడకైనా, అలిగిన పిల్లకైనా ముందు బెల్లం ముక్కే కదా. ఎన్నో కుక్కలు దానికి లొంగాయి. ఇది మాత్రం ఆ వాసన తగలగానే ఒళ్లంతా వణికి, గోడ ఎక్కిపోదామన్నట్టు గోళ్లతో గీకింది. తీపి చాలలేదేమోనని మర్నాడు ఇంకాస్త ఎక్కువ కలిపాను. గోడ మీద గోళ్ల రక్తం మరకలు పడ్డాయి.

"తినకపోతే పుండు మానదమ్మా. దక్కదు" అంది డాక్టరమ్మ.

ఒక మధ్యాహ్నం వాన జల్లు వంటపాకలోకి కొడుతుంటే, దాని గది ముందు వసారాలో కూర్చుని నా క్యారేజీ విప్పాను. నేను తింటుంటే అది మొదటిసారి తల తిప్పింది. నా చేతిని చూడలేదు, నోటిని చూసింది. నమలడం చూసింది, గొంతు దిగడం చూసింది. ఎందుకో నాకే తెలియదు, మిగిలిన అన్నం క్యారేజీతో సహా కమ్మీల కిందనుంచి లోపలికి తోసి వెనక్కి తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి గిన్నె నాకుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడే షెడ్డు వ్యాను నడిపే అతను తడుస్తూ వచ్చాడు. టౌనులో ముస్లింల కుర్రాడు, నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేవాడు.

"ఏటప్పా ఇది? మాకు ఒక్క ముద్ద ఎట్టవు గానీ కుక్కకి ఎంగిలి మేపుతన్నావా?"

"నువ్వూ ఆ గదిలో కూకో, నీకూ మేపుతాను."

"అమ్మో! డాక్టరమ్మ నాకూ ఆపరేషన్ సేసేత్తాది."

నవ్వుతూనే లోపలికి చూసి ఆగిపోయాడు.

"ఇది ఆ మార్కెట్ ఎనకాల ఈదిది కదా? అక్కడ కుక్కలెక్కువైపోనాయని ఎవులో బెల్లం ఉండల్లో ఇసం ఎట్టేరంట. దీని పిల్లలన్నీ తినేసినాయి. టీకొట్టాయన సెప్పేడు. సెత్త బండి వచ్చి ఎత్తుకెళ్లేదాకా ఇది ఆటి పక్కనే కూకుందంటప్పా."

"ఎవులెట్టేరు?"

"ఎవులు సెప్తారు? ఆ ఈదిలో అందరూ మంచోళ్లే."

వంటపాకలోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. బెల్లం వాసన పోలేదు. చిన్నప్పుడు తుమ్మపాల పాకలో వేడి బెల్లం ఉండలు చుట్టిన చేతులివి. ఆ వీధిలోనూ ఎవరో అలాగే కూర్చుని ఉంటారు. చెయ్యి తడి చేసుకుని, ఓపిగ్గా, పసిపిల్లలకు చుట్టినట్టే గుండ్రంగా చుట్టి ఉంటారు.

ఆ రోజు నుంచి దాని గిన్నెలోంచి నేను ముందు ఒక ముద్ద తినేదాన్ని. మన ఎంగిలి ఇంకొకరికి పెట్టకూడదంటారు. దానికి నా ఎంగిలైతేనే అన్నం. నేను మింగేదాకా చూసి, ఆ తర్వాత కూడా కాసేపు ఆగేది. నేను పడిపోలేదని చూసుకుని అప్పుడు మూతి పెట్టేది.

పుండు మానింది. వదిలే రోజు వచ్చింది.

"డాక్టరమ్మా, దీన్ని అక్కడికి పంపకండి. దాని ముందు అక్కడ ఎవరు తింటారు?"

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? కొత్తగా వచ్చేవాటికి గదులు లేవు. ఇక్కడ బోనులో పెట్టి దీన్ని ఎన్నాళ్లు బతికిస్తాం?"

మా ఇంటికి తీసుకుపోతానన్నాను. మెడకు తాడు వేయగానే కళ్లు తేలేసి నేల మీద పడిపోయింది. కట్టేస్తే ఇది బతకదని డాక్టరమ్మే తాడు విప్పేసింది.

మధ్యాహ్నం వ్యానులో నేనూ వెళ్లాను. తలుపు తీయగానే అది మమ్మల్ని చూడలేదు. పొట్ట నేలకు ఆనించుకుంటూ పోయి మురికికాలువ మీది రాతిపలక కిందకు దూరింది.

"దీని పిల్లలు ఉండేది అక్కడేనప్పా" అన్నాడు వ్యాను అతను మెల్లగా.

అరుగుల మీద మనుషులు నిలబడి చూస్తున్నారు. ఒక ముసలామె, "పాపం, మల్లీ వచ్చేసిందా!" అంది. జాలిగానే అంది. నేను ఆమె చేతుల వైపు చూశాను. తర్వాత అక్కడున్న అందరి చేతుల వైపూ చూశాను.

ఆ సాయంత్రం ఇంట్లో టీలో బెల్లం వేసుకున్నాను. గ్లాసు నోటిదాకా తెచ్చి తాగలేకపోయాను.

మర్నాడు ఉదయం ఉప్పు తప్ప ఏమీ కలపని అన్నం క్యారేజీలో పెట్టుకుని, షెడ్డుకు పోకముందే ఆ వీధికి వెళ్లాను. రాతిపలక పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఏటమ్మా, కాలవ పక్కన కూకుని తింతన్నావేటి? అరుగు మీదకి రా" అని ఆ ముసలామె పిలిచింది.

"పర్లేదమ్మా. ఇక్కడే తింతాను."

పలక కింద చీకట్లో కళ్లు కనిపించాయి. ముద్ద నోట్లో పెట్టుకుని, దానికి కనిపించేలా నమిలి, మింగాను. క్యారేజీని పలక అంచుకు జరిపాను. అది నన్నే చూస్తోంది. నేను కదలకుండా, నిటారుగా కూర్చున్నాను.